సిటీలు పెరిగేకొద్దీ ప్రశ్న మారాలి

(టర్న్ ఆధారిత వ్యూహ గేముల్లో నగర ఉత్పత్తి వ్యవస్థల గురించి, గేములు తయారుచేసేవాళ్ల కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. సివిలైజేషన్ సిరీస్‌లో ఏదో ఒక గేమ్ ఆడినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు, బాగుంది. ఇప్పుడు, మొదలుపెట్టిన ఆటల్లో సగానికి పైగా చివరిదాకా ఆడినవాళ్లు మాత్రమే చెయ్యి అలాగే ఉంచండి. చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో! మొహమాటపడకండి, నేనూ దించేసే బాపతే.

ఎందుకు మధ్యలో వదిలేస్తాం? గెలుపు ఖాయమైపోయింది కాబట్టి అంటారు కొందరు. నిజమే, అదొక కారణం. కానీ ఓడిపోతున్న ఆటలు కూడా వదిలేస్తాం కదా? నువ్వా నేనా అన్నట్టున్న ఆటలు కూడా వదిలేస్తాం. టర్న్, అంటే మన వంతు, మొదలవుతుంది, ఆరు సిటీలు వరసగా లేచి, పని అయిపోయింది, ఇప్పుడేం కట్టమంటారు అని అడుగుతాయి. ఆరింటికీ ఏదో ఒకటి చెప్పి టర్న్ ముగిస్తాం. మళ్లీ ఇంకో ఆరు. ఎక్కడో సరిహద్దులో యుద్ధం జరుగుతోంది, దాని గురించి ఆలోచించాలని కూర్చున్నాం, కానీ ముందు ఈ ఆరింటికీ జవాబు చెప్పాలి. అక్కడ విసుగు పుడుతుంది. ఆ విసుగు గురించే ఈ ప్రసంగం.

ముందు పునాది చూద్దాం. 1991లో మొదటి సివిలైజేషన్ వచ్చినప్పుడు ఉత్పత్తి ఎలా పనిచేసిందో, ముప్పై ఏళ్లు దాటినా చాలా గేముల్లో ఇంచుమించు అలాగే పనిచేస్తోంది. సిటీ చుట్టూ ఉన్న టైల్స్ మీద, అంటే మ్యాప్‌లోని గళ్ల మీద, జనం పనిచేస్తారు, ఆ టైల్స్ టర్నుకి ఇన్ని అని పాయింట్లు ఇస్తాయి. పాత గేముల్లో వాటిని షీల్డులన్నారు, తర్వాత హామర్లన్నారు. పాయింట్లు ఒక పెట్టెలో పడతాయి, పెట్టె నిండితే వస్తువు బయటికొస్తుంది. ఒక సిటీ ఒకసారి ఒక్క వస్తువే తయారుచేస్తుంది. అంతే. ఇంత చిన్న నియమం ఇన్నేళ్లు ఎలా నిలబడింది?

నిలబడిందంటే, అది ఆట మొదట్లో అద్భుతంగా పనిచేస్తుంది కాబట్టి. మీకు ఒకే ఒక్క సిటీ ఉంది. సెట్లర్ని తయారుచేస్తే రెండో సిటీ పెట్టుకోవచ్చు, కానీ ఈలోగా ఎవరైనా దాడి చేస్తే కాపాడే దిక్కు లేదు. యోధుణ్ణి తయారుచేస్తే ప్రాణానికి ఢోకా లేదు, కానీ పక్కవాడు మంచి నేల ఎగరేసుకుపోతాడు. రెండూ కావాలి, ఒక్కటే దొరుకుతుంది. టెన్షన్ అంటే అదీ. ఒక్క క్లిక్కు, కానీ ఆ క్లిక్కుతో మీ దేశం మొత్తం ఉత్పత్తి ఎనిమిది టర్నుల పాటు ఒకవైపు తిరుగుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మొదట్లో ఒక సిటీ, ఒక వస్తువుకి 8 టర్నులు. అంటే 8 టర్నులకి ఒక ప్రశ్న. ఆట నడిమధ్యకి వచ్చేసరికి 24 సిటీలు, ఒక్కో వస్తువుకి 4 టర్నులు అనుకోండి. టర్నుకి 6 ప్రశ్నలు. 48 రెట్లు పెరిగింది! మరి ఒక్కో ప్రశ్న బరువు? అప్పుడు దేశం మొత్తం, ఇప్పుడు దేశంలో ఇరవైనాలుగో వంతు. ప్రశ్నలు 48 రెట్లు పెరిగాయి, ఒక్కో ప్రశ్న విలువ 24వ వంతుకి పడిపోయింది. ఈ రెండు గీతలూ ఎక్కడ కలుసుకుంటాయో అక్కడే మీ ఆటగాడు గేమ్ మూసేస్తాడు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఉత్పత్తి వ్యవస్థని బాగుచేయడమంటే క్లిక్కులు తగ్గించడం అనుకుంటాం. క్లిక్కులు రోగం కాదండీ, లక్షణం. జవాబు ముందే తెలిసిపోయిన ప్రశ్నని మళ్లీ మళ్లీ అడగడం అసలు రోగం. లైబ్రరీ కట్టాలా? కట్టాలి. ఈ సిటీలో? కట్టాలి. మరి ఈ సిటీలో? ఇక్కడా కట్టాలి! ఎవరడిగారయ్యా నిన్ను? దేశం పెరిగేకొద్దీ ప్రశ్న కూడా పెరగాలి. ఒక సిటీ ఉన్నప్పుడు ఏం కట్టాలి అని అడగండి. 24 ఉన్నప్పుడు ఏ ప్రాంతం దేనికి అని అడగండి. అదే ప్రశ్నని 24 సార్లు అడిగే గేమ్, తన ఆటగాడు ఎదిగాడని గుర్తించనట్టే.

సరే, ఈ రోగానికి ఇంతవరకు ఏం మందులు వాడారో చూద్దాం. మొదటిది అందరికీ తెలిసిందే, క్యూ. ఒకటి కాకుండా ఐదారు వస్తువులు వరసగా పెట్టేయడం. 1996లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ రెండో భాగంలో ప్రతి గ్రహానికీ క్యూ ఉంది. ఇంత పాత సౌకర్యం కదా, మరి 2016లో సివిలైజేషన్ 6 విడుదలైనప్పుడు అందులో క్యూ లేదని మీలో ఎంతమందికి గుర్తుంది? 2019లో అప్‌డేట్‌గా ఇచ్చారు. అప్పటిదాకా జనం మాడ్‌లు, అంటే ఆటగాళ్లే రాసుకున్న మార్పులు, వేసుకుని ఆడారు. అంత పెద్ద గేమ్‌కి అది ఎలా తట్టలేదని తిట్టినవాళ్లు చాలామంది. కానీ ఆ గేమ్‌లో డిస్ట్రిక్ట్‌లు, అంటే సిటీకి చెందిన ప్రత్యేక పేటలు, మ్యాప్ మీద ఎక్కడ పెట్టాలో చూసి పెట్టాలి కాబట్టి, ప్రతి నిర్ణయమూ ఆగి ఆలోచించేదే అన్న భావనతో వదిలేసి ఉంటారని నా ఊహ. ఊహ మాత్రమే సుమా.

క్యూతో వచ్చే చిక్కేమిటి? క్యూ ప్రశ్నని తీసేయదు, ముందుకి జరుపుతుంది. రాబోయే 30 టర్నులకి ఈరోజే జవాబు చెప్పేయమంటుంది. ఈరోజు మీకేం తెలుసు? పన్నెండో టర్నులో పక్క దేశం యుద్ధం ప్రకటిస్తుందని తెలుసా? తెలియదు. కాబట్టి ఆటగాడు క్యూ పెట్టుకుని, మళ్లీ మధ్యమధ్యలో తెరిచి చూస్తూ ఉంటాడు. అప్పుడు పని తగ్గిందా, పెరిగిందా?

మంచి క్యూకి రెండు మూడు లక్షణాలుండాలని నా అభిప్రాయం. ఒకటి, వరసలో మొదటికి చొప్పించడం ఒకే ఒక్క కదలికలో అయిపోవాలి. యుద్ధం వస్తే ముందు సైనికుడు, ఆ తర్వాత పాత వరస యథాతథంగా సాగాలి. రెండు, ఒక సిటీ వరసని ఇంకో సిటీకి కాపీ చేయగలగాలి. ఫ్రీసివ్ అని ఓపెన్ సోర్స్ గేమ్ ఉంది, డెన్మార్క్ విద్యార్థులు రాసి 1996లో విడుదల చేశారు, ఇప్పటికీ బతికే ఉంది. అందులో ఈ వరసల్ని పేరు పెట్టి దాచుకుని ఏ సిటీకి కావాలంటే ఆ సిటీకి వాడుకోవచ్చు. కొత్త సరిహద్దు సిటీకి ఒక వరస, తీరప్రాంత సిటీకి ఒక వరస. ఇప్పుడు చూడండి, ప్రశ్న మారింది. ఈ సిటీలో ఏం కట్టాలి అన్నది పోయి, ఇది ఏ రకం సిటీ అన్నది వచ్చింది. మూడోది చాలామంది మరిచిపోతారు. పరిస్థితి మారినప్పుడు క్యూ తనంతట తాను ఆగి అడగాలి. యుద్ధం మొదలైంది, మీ వరసలో ఇంకా థియేటర్లు ఉన్నాయి, కొనసాగించమంటారా? ఇలా దేశం మొత్తానికీ కలిపి ఒక్కసారి అడగాలి, సిటీకి ఒకసారి కాదు.

రెండో మందు గవర్నర్. అంటే సిటీని కంప్యూటర్‌కి అప్పగించేయడం. 1999లో వచ్చిన ఆల్ఫా సెంటారీలో ఇది చాలా వివరంగా ఉంది. అన్వేషణ, పరిశోధన, నిర్మాణం, ఆక్రమణ అని నాలుగు మొగ్గుల్లో ఏదో ఒకటి ఇచ్చి వదిలేయొచ్చు. మరి ఎంతమంది వదిలేస్తారు? నమ్మకం కుదరదు. ఎన్నడూ సైన్యం తయారుచేయని మారుమూల సిటీలో గవర్నర్ బ్యారక్స్ కట్టడం ఒక్కసారి చూశాక, ఇక ప్రతి టర్నూ వెళ్లి తనిఖీ చేస్తాం. పని రెట్టింపైంది. గవర్నర్ తెలివితక్కువవాడని కాదు, మన మనసులో ఏముందో వాడికి తెలియదు. మనం పది టర్నుల తర్వాత ఆ సిటీని వదులుకోబోతున్నామని వాడికెవరు చెప్పారు?

మీరు గవర్నర్ని పెట్టదలచుకుంటే ఒక్క పని చేయండి. వాడు ఏం ఎంచుకున్నాడో, ఎందుకు ఎంచుకున్నాడో ఒక వాక్యంలో చూపించండి. ఆహారం తక్కువ కాబట్టి ధాన్యాగారం. అంతే చాలు. కారణం కనిపిస్తే తప్పు జవాబుని కూడా క్షమిస్తాం, ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది. కారణం కనిపించకపోతే సరైన జవాబుని కూడా అనుమానిస్తాం.

గవర్నర్లలో నాకు బాగా నచ్చింది సివిలైజేషన్ 5లో వచ్చిన పప్పెట్ సిటీ. 2010 నాటి గేమ్. ఒక సిటీని జయించాక మూడు దారులు: తగలబెట్టడం, పూర్తిగా కలుపుకోవడం, పప్పెట్‌గా ఉంచుకోవడం. పప్పెట్ అయితే అందులో ఏం కట్టాలో మీరు చెప్పలేరు, సిటీయే నిర్ణయించుకుంటుంది. కావాలంటే తర్వాత కలుపుకోవచ్చు, కానీ దానికయ్యే అసంతృప్తి భరించాలి, కోర్ట్‌హౌస్ కట్టాలి. ఇది సౌకర్యంగా పెట్టిన బటన్ కాదు, ఆట నియమం. అధికారం కావాలా, వెల కట్టు. వద్దా, వాడేం కడితే అదే. కాబట్టి గవర్నర్ బ్యారక్స్ కట్టినా తిట్టుకోం, మనమే ఆ బేరం కుదుర్చుకున్నాం కదా! ఒకే రకం ఆటోమేషన్, ఒకచోట విసుగు పుట్టిస్తుంది, ఇంకోచోట వ్యూహమవుతుంది. తేడా ఎక్కడుందో పట్టుకోండి.

ఇప్పుడు మూడో దారికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నిజమైన మార్పులు ఇక్కడే జరిగాయి. ప్రశ్నని సిటీ నుంచి తీసేసి ఇంకెక్కడైనా పెట్టడం.

1993 నాటి మొదటి మాస్టర్ ఆఫ్ ఓరియన్ చూడండి. అందులో గ్రహానికి భవనాల జాబితా లేదు. ఐదు స్లైడర్లున్నాయి: ఓడలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, పరిశోధన. ఈ గ్రహం ఉత్పత్తిలో ఎంత దేనికి పోవాలో జరిపి పెడతారు, మళ్లీ మార్చాలనిపించేదాకా అది అలాగే నడుస్తుంది. వస్తువు పూర్తయింది, ఇప్పుడేంటి అన్న ప్రశ్నే పుట్టదు. పోగొట్టుకున్నదేమిటి? వ్యక్తిత్వం. ఈ గ్రహంలో నేను ఫలానాది కట్టాను అన్న జ్ఞాపకం మిగలదు. రెండో భాగంలో భవనాలు, క్యూలు వచ్చాయి, వ్యక్తిత్వం తిరిగొచ్చింది, దాంతోపాటు విసుగూ తిరిగొచ్చింది. ఏది మంచిది అని వాదించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నన్నడిగితే, గ్రహాల సంఖ్య వందకి చేరే గేమ్ అయితే స్లైడర్లే మేలు.

1999లో యాక్టివిజన్ విడుదల చేసిన కాల్ టు పవర్ ఇంకో పని చేసింది. అప్పటిదాకా రోడ్లు, పొలాలు వేయాలంటే సెట్లర్లని, ఇంజనీర్లని తయారుచేసి మ్యాప్ అంతా తిప్పాలి. కాల్ టు పవర్‌లో దేశం మొత్తం ఉత్పత్తిలో ఇంత శాతం అని పక్కకి తీసి ఒక ఉమ్మడి నిధిలో వేస్తారు, దానికి పబ్లిక్ వర్క్స్ అని పేరు. ఆ నిధితో నేరుగా మ్యాప్ మీద ఎక్కడ కావాలంటే అక్కడ రోడ్డు వేసేయడమే. ఎన్ని ప్రశ్నలు మాయమయ్యాయో చూడండి! ఏ సిటీ కూలీని తయారుచేయాలి, వాడు ఎటు నడవాలి, వాణ్ణి ఎవరు కాపాడాలి, అన్నీ పోయాయి. వాటి స్థానంలో ఒకే ఒక్క గట్టి ప్రశ్న వచ్చింది: ఇవాళ్టి సైన్యంలోంచి రేపటి నేల కోసం ఎంత తీయాలి? ఆ శాతం మీద నిజంగా తల పట్టుకుని ఆలోచిస్తాం.

2021లో వచ్చిన ఓల్డ్ వరల్డ్ ఎంతమంది ఆడారు? తక్కువమందే. ఆడండి, ముఖ్యంగా తయారుచేసేవాళ్లు తప్పకుండా ఆడండి. సివిలైజేషన్ 4కి ప్రధాన డిజైనర్‌గా పనిచేసిన సోరెన్ జాన్సనే దీన్నీ రూపొందించారు. అందులో సిటీ ఉత్పత్తి ఒకే రకం పాయింట్లు కాదు, మూడు పాయలు. గ్రోత్, ట్రైనింగ్, సివిక్స్, అంటే పెరుగుదల, శిక్షణ, పౌర వ్యవహారాలు. సెట్లర్లు, కూలీలు గ్రోత్‌తో తయారవుతారు. సైనికులు ట్రైనింగ్‌తో. నిపుణులు, ప్రాజెక్టులు సివిక్స్‌తో. సిటీ ఒకసారి ఒక్క పనే చేస్తుంది, అక్కడ పాత నియమమే. కానీ మీరు సైనికుణ్ణి తయారుచేస్తుంటే, వాడకుండా ఉన్న సివిక్స్ వృథా అయిపోదు, దేశపు నిల్వలోకి వెళ్తుంది. గ్రోత్ జనాభా పెరగడానికి పోతుంది.

దీనివల్ల ఏమైంది? మామూలు గేమ్‌లో ఉత్పత్తి బాగా ఉన్న సిటీ అన్నింట్లోనూ మేటి. సైన్యమూ అదే, భవనాలూ అదే, వండర్లు అనే మహాకట్టడాలూ అదే. ఇక్కడ అలా కుదరదు. ట్రైనింగ్ ఎక్కువున్న సిటీ సైన్యానికి బాగుంటుంది, నిపుణులకి బాగోదు. సిటీ రకం మీరు పెట్టే పేరుతో కాకుండా నేలతో, అందులో పెట్టుకున్న వాటితో ఏర్పడుతుంది. ప్రతి సిటీలోనూ ఒకే జవాబు రాదు. లైబ్రరీ, లైబ్రరీ, లైబ్రరీ అన్న జబ్బు చాలావరకు తగ్గింది. ఇదీ ప్రశ్నని మార్చడమంటే.

ఇక 2025 ఫిబ్రవరిలో వచ్చిన సివిలైజేషన్ 7. దాని మీద చాలా విమర్శలున్నాయి, ఇప్పుడు వాటి జోలికి వెళ్లను. కానీ ఉత్పత్తి విషయంలో ఒక ధైర్యమైన పని చేసింది. కొత్తగా పెట్టే ప్రతి ఊరూ మొదట టౌన్‌గానే మొదలవుతుంది. టౌన్‌కి క్యూ లేదు. దాని ఉత్పత్తి అంతా బంగారంగా మారి ఖజానాలో పడుతుంది, అక్కడ ఏమైనా కావాలంటే ఆ బంగారంతో కొనుక్కోవాలి. బంగారం పెట్టి టౌన్‌ని సిటీగా మార్చుకోవచ్చు. మార్చితేనే క్యూ వస్తుంది. అంటే మీ దేశం పదిహేను ఊళ్లకి పెరిగినా, ఏం కట్టాలి అని అడిగేవి మీరు ఎంచుకున్న నాలుగైదు మాత్రమే. ఎన్ని ప్రశ్నలు భరించాలో మీరే నిర్ణయించుకుంటున్నారు, దానికి వెల కూడా చెల్లిస్తున్నారు. పప్పెట్ సిటీ ఆలోచనే ఇంకో అడుగు ముందుకేసింది చూడండి.

కొందరు అడుగుతారు, మరి బంగారంతో కొనడం కూడా క్లిక్కే కదా అని. అవును, క్లిక్కే. కానీ అది నేను వెళ్లి చేసే క్లిక్కు. టౌన్ లేచి నన్ను అడగదు. నాకు అవసరమైనప్పుడు నేను వెళ్తాను. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అలసట విషయంలో చాలా పెద్దది.

ఇంతసేపూ పెద్ద మాటలు మాట్లాడాం. ఇప్పుడు లోపలి చిట్టా-పద్దుల్లోకి దిగుదాం. ఎందుకంటే పైన ఎంత గొప్ప ఆలోచన ఉన్నా, లోపల మిగులు లెక్క తప్పితే ఆటగాడు దానిమీదే పడతాడు.

కుళాయి కింద పెట్టిన బిందె అనుకోండి. బిందె నిండాక కూడా ఆ టర్న్ అయ్యేదాకా నీళ్లు పడుతూనే ఉంటాయి. పొర్లిపోయిన నీళ్లేమవ్వాలి? 2001 నాటి సివిలైజేషన్ 3లో నేలపాలే. ఒక వస్తువు ఖరీదు 30 షీల్డులు. సిటీ టర్నుకి 10 ఇస్తే 3 టర్నులు. 11 ఇస్తే? 3 టర్నులే, 3 షీల్డులు పోయాయి. 14 ఇస్తే? అప్పుడూ 3 టర్నులే, ఏకంగా 12 పోయాయి. 15కి చేరితే ఒక్కసారిగా 2 టర్నులు. అంటే 10కీ 14కీ ఏ తేడా లేదు, 14కీ 15కీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. బాగా ఆడాలనుకున్నవాడు ఏం చేస్తాడు? ప్రతి సిటీలోకి వెళ్లి, చివరి టర్నులో జనాన్ని గనిమీద నుంచి తీసి పొలం మీద పెడతాడు. 24 సిటీలకీ, ప్రతి టర్నూ. ఇది వ్యూహమా? ఇది గుమాస్తా పని. ఆ పని ఆటగాడి స్వభావంలో లేదు, మన నియమం చేయించింది.

2005 నాటి సివిలైజేషన్ 4లో మిగులు తర్వాతి వస్తువుకి పోతుంది. హాయిగా ఉంది కదా? కానీ మిగులుని దాచడం మొదలుపెట్టగానే మిగులుని పుట్టించే ఎత్తులు పుడతాయి. ఆ గేమ్‌లో బానిసత్వం అనే సివిక్, అంటే పాలనా విధానం, ఉంది. జనాభాని బలిచ్చి వస్తువుని తక్షణం పూర్తిచేయొచ్చు. మామూలు వేగంలో తలకి 30 హామర్లు. ఇప్పుడు చూడండి, ఇంకా 30 మిగిలి ఉంటే ఒక తల చాలు. 31 మిగిలి ఉంటే? రెండు తలలు పోతాయి, 60 వస్తాయి, 29 మిగిలి తర్వాతి వస్తువులోకి వెళ్తాయి. ఎన్ని తలలు తీసినా ఆ కొరడా దెబ్బకి వచ్చే అసంతృప్తి ఒక్కసారిది, 10 టర్నులు. కాబట్టి ఒకేసారి రెండు తలలు తీయడం లాభం. అందుకని ఆరితేరినవాళ్లు సరిగ్గా ఆ అంచు దగ్గర కాచుకుని కూర్చుంటారు. నాకు ఇది పూర్తిగా చెడ్డది అనిపించదు, అందులో ఒక కసరత్తు ఉంది, ఒక వెల ఉంది. కానీ కొత్తగా వచ్చినవాడికి ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది? ఎక్కడా కనిపించదు.

వెల లేకుండా జరిగింది సివిలైజేషన్ 6 మొదటి రోజుల్లో. తేలిక కోసం అంకెలు నేను వేసుకుంటున్నాను. గోడ ఖరీదు 80, అందులో 78 అయిపోయాయి. గోడల ఉత్పత్తికి నూరు శాతం అదనం ఇచ్చే పాలసీ కార్డు వేసుకున్నారు. ఇప్పుడు అడవి నరికారు, దానికి ఒక్కసారిగా 60 పాయింట్లు వచ్చాయి. గోడ కడుతున్నాం కాబట్టి రెట్టింపై 120 అయ్యాయి. గోడకి కావలసింది 2. మిగిలిన 118 తర్వాతి వస్తువులోకి వెళ్లాయి. ఆ తర్వాతి వస్తువు వండర్! గోడల కోసం ఇచ్చిన రాయితీతో వండర్ కట్టేశారు. తర్వాత ప్యాచ్‌లో సరిచేశారు లెండి.

దీన్ని సరిచేయడం ఎలా? మీలో కోడ్ రాసేవాళ్లు ఇది రాసుకోండి. రెట్టింపు చేసింది దాచకండి, రెట్టింపు కాకముందున్న అసలు మొత్తాన్ని దాచండి. గోడకి ఇంకా 2 కావాలి, గుణకం 2, కాబట్టి అసలులోంచి 1 ఖర్చయింది. 60లో 1 పోతే 59 మిగిలాయి. ఆ 59 తర్వాతి వస్తువులోకి వెళ్లి, దానికి ఏ గుణకం ఉంటే దాన్ని అప్పుడు అందుకుంటాయి. అంతే. ఒక్క భాగహారం ముందుకి తెస్తే సరిపోయేది. ఇంత చిన్నది కదా అని తీసిపారేయకండి, ఇలాంటి పద్దే ఆటలో అతి గొప్ప ఎత్తు అయి కూర్చుంటే మీరు కష్టపడి రాసిన మిగతా వ్యూహాలన్నీ దండగ.

ఇదే కోవలో ఇంకోటి, మధ్యలో మనసు మార్చుకుంటే ఏం చేయాలి? సివిలైజేషన్ 2లో భవనం నుంచి యూనిట్‌కి మారితే సగం షీల్డులు పోయేవి. ఆల్ఫా సెంటారీలో మొదటి 10 మినరల్స్‌కి (అక్కడ ఉత్పత్తి పాయింట్ల పేరు అది) మినహాయింపు, ఆపైన సగం కోత. సివిలైజేషన్ 3లో కోతే లేదు. కోత లేకపోతే ఏమైందో తెలుసా? వండర్‌కి కావలసిన టెక్నాలజీ ఇంకా రాలేదు, అయినా సిటీలో ప్యాలెస్ కట్టడం మొదలుపెడతారు. ఆ ప్యాలెస్ కట్టే ఉద్దేశం ఎవరికీ లేదు. టెక్నాలజీ రాగానే పోగుపడిన షీల్డులన్నీ వండర్‌కి మార్చేసి ఒక్క టర్నులో పూర్తి. ఆటగాళ్లందరూ చేసేవారు, చేయకపోతే ఓడిపోతారు. మరీ కఠినంగా ఉంటే మనసు మార్చుకోలేం, మరీ వదులుగా ఉంటే అబద్ధపు ప్యాలెస్‌లు లేస్తాయి. సివిలైజేషన్ 4 దీనికి చెప్పిన జవాబే నాకు ఇప్పటికీ సరైనదనిపిస్తుంది. దేనికి పెట్టింది దానికే ఉంటుంది. సగం కట్టిన గుడి సగం గుడిగానే ఆగి ఉంటుంది, మళ్లీ వచ్చి పూర్తిచేసుకోవచ్చు. చాలాకాలం వదిలేస్తే కరగడం మొదలవుతుంది. శిక్ష లేదు, మోసమూ లేదు.

ఖరీదుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. సివిలైజేషన్ 6లో మీరు టెక్నాలజీలు, సివిక్స్ అనే సామాజిక విద్యలు నేర్చుకున్నకొద్దీ డిస్ట్రిక్ట్‌ల ఖరీదు పెరుగుతుంది. పునాది వేసిన రోజు ఖరీదు మాత్రం అక్కడే ఆగిపోతుంది. అందుకని అందరూ కట్టకపోయినా ముందే పునాదులు వేసి పెట్టుకుంటారు. ఆట చివర్లో పెట్టిన కొత్త సిటీకి మొదటి డిస్ట్రిక్ట్ కట్టడానికి యుగాలు పడుతుంది. ముందున్నవాడు మరీ ముందుకి దూసుకుపోకుండా ఆపాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ చదువుకున్నందుకు జరిమానా వేయడం నాకు రుచించదు. ఆపాలనుకుంటే సిటీల సంఖ్యని చూసి ఆపండి. సివిలైజేషన్ 4లో సిటీల సంఖ్య పెరిగేకొద్దీ నిర్వహణ ఖర్చు పెరుగుతుంది, అది ఆటగాడికి అర్థమయ్యే తర్కం.

పాయింట్ల పెట్టె అసలు లేకుండా కూడా నడపొచ్చు. 1999 నాటి హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3లో మీ దగ్గర ఎంత బంగారం, ఎంత కలప ఉన్నా ఒక పట్టణంలో రోజుకి ఒక్క భవనమే. వారం మొదటి రోజున కొత్త సైనికులు పుడతారు. ఏడు రోజులు, ఏడు భవనాలు, ఏది ముందు? ప్రశ్న మొత్తం వరస గురించే. బ్యాటిల్ ఆఫ్ పాలిటోపియాలో అయితే దేశానికంతటికీ ఒకే నక్షత్రాల ఖజానా, కొన్న సైనికుడు అక్కడికక్కడే ప్రత్యక్షం. ఫోన్‌లో ఆడేదానికి అది చక్కగా సరిపోయింది. మీ గేమ్ ఎంతసేపు సాగుతుందో, ఎన్ని సిటీలదో ముందు తేల్చుకోండి. పెట్టె అవసరమా కాదా అన్నది ఆ తర్వాత.

చివరిగా, మీ గేమ్‌లో ఈ రోగం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? చాలా సులువు. సిటీ అడిగిన ప్రతిసారీ మీరు మొదట చూపించే సూచన ఏమిటో, ఆటగాడు ఎంచుకున్నది ఏమిటో, ఎన్ని సెకన్లు పట్టిందో లాగ్‌లో రాయండి. సూచననే వెంటవెంటనే ఒప్పుకుంటున్నాడనుకోండి, మీ సూచన గొప్పదని సంబరపడకండి. ఆ ప్రశ్న అక్కడ అనవసరమన్నమాట. ఎంతో ఆలోచించి, జాబితా పైకీ కిందకీ రెండుసార్లు జరిపి, చివరికి ఒకటి నొక్కాడా? ఆ ప్రశ్నని ముట్టుకోకండి, అదే మీ గేమ్. సొంత గేమ్ ఇంకా లేనివాళ్లు ఫ్రీసివ్ దించుకోండి. భవనాల ఖరీదులు, యూనిట్ల ఖరీదులు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. సర్వర్‌లో షీల్డ్‌బాక్స్ అని ఒక సెట్టింగు ఉంది, ఉత్పత్తి ఖరీదులన్నిటినీ శాతంలో పెంచుతుంది, తగ్గిస్తుంది. ఒకసారి 50 పెట్టి, ఒకసారి 200 పెట్టి ఆడండి. ఒకే గేమ్ రెండు వేర్వేరు గేములుగా కనిపిస్తుంది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? ఆ మూల... అక్కడ, చెప్పండి. మైకు లేకపోయినా పర్వాలేదు, నేను మళ్లీ చెప్తాను. ఏమడుగుతున్నారంటే, ఉత్పత్తి వ్యవస్థ ఇంత తెలివిగా తయారుచేస్తే కంప్యూటర్ ప్రత్యర్థి దాన్ని ఆడగలడా అని. మంచి ప్రశ్న అడిగారు. చాలా గేముల్లో ఆడలేడు. అందుకే పై స్థాయిల్లో వాడికి తాయిలాలిస్తారు. సివిలైజేషన్ 6లో డీటీ అనే అత్యంత కఠిన స్థాయిలో ప్రత్యర్థి ముగ్గురు సెట్లర్లతో మొదలవుతాడు, మీకు ఒక్కడే. దానికితోడు ఉత్పత్తిలో అదనపు శాతం. అడవి ఎప్పుడు నరకాలో, ఏ కార్డు ఎప్పుడు తీయాలో వాడికి తెలియదు కాబట్టి ఆ లోటుని అంకెలతో పూడుస్తారు. కాబట్టి మీరు కొత్త నియమం ఏది పెట్టినా, మెనూలు, బొమ్మలు గీయకముందే, కంప్యూటర్‌ని కంప్యూటర్‌తో ఒక పాతిక ఆటలు ఆడించండి. ఒకడికి ఆ నియమం వాడటం నేర్పండి, ఇంకొకడికి నేర్పకండి. నేర్చినవాడు ఎప్పుడూ ఓడిపోతుంటే వాడికి రాసిన కోడ్ చూసుకోవాలి. ఇద్దరూ సమానంగా గెలుస్తుంటే ఆ నియమం ఉన్నా లేకపోయినా ఒకటే, తీసేయండి. నేర్చినవాడు ప్రతిసారీ గెలుస్తుంటే మాత్రం జాగ్రత్త, ఇందాకటి గోడల కథ లాంటిదేదో లోపల దాగి ఉంది.